పెద్ద హార్మోనియమట!

రాత్రి పదకొండున్నర. సింకులో గిన్నెలు అలాగే ఉన్నాయి. ఈయన హాయిగా నిద్రపోతున్నారు. ఆ ఒక్క మాట మాత్రం నా చెవిలోంచి పోవడం లేదు.

జర్మనీలో ఈ లైప్‌జిగ్‌కి వచ్చిన ఇన్నాళ్లకి ఇవాళ థామస్ చర్చిలో ఆర్గన్ విన్నాం. వాయించే మనిషి కనబడడు, మన వీపు వెనక మేడ మీద ఉంటాడు. మొదటి మోతకే కూర్చున్న బల్ల వణికి, ఆ వణుకు అరికాళ్ల నుంచి మోకాళ్ల దాకా పాకింది. చాలా బాగుంది. అంతకంటే రాయడం రావట్లేదు.

ఇంటికొచ్చాక ఈయన అత్తయ్యకి ఫోన్లో చెప్తున్నారు. "ఏం లేదమ్మా, పెద్ద హార్మోనియం." గోదావరి చూపిస్తే పెద్ద పంటకాలువ అన్నట్టు! 1889లో విల్హెల్మ్ సావర్ కట్టిన వాద్యం, తర్వాత పెంచి 88 స్టాప్‌లు చేశారు. స్టాప్ అంటే గొట్టాల వరసని పలికించడానికి లాగే మీట. హార్మోనియంలో ఉండేవి రీడ్లు. ఇక్కడ ఉన్నవి గొట్టాలు, ఒక్కో గొట్టం ఒక్కో పిల్లనగ్రోవి. మెట్టు నొక్కితే గొట్టం అడుగున మూత తెరుచుకుని గాలి దూరుతుంది. ఎన్ని స్టాప్‌లు లాగి ఉంచితే ఆ ఒక్క మెట్టుకి అన్ని వరసలు పలుకుతాయి.

ఇదంతా రేపు కాఫీ ఇస్తూ అప్పజెప్పాలనుకుని ఇప్పుడు చదువుతూ కూర్చున్నానా, కొన్ని గొట్టాల్లో హార్మోనియం రీడు లాంటి రేకు నాలుక కూడా ఉంటుందట, ట్రంపెట్ లాంటి మోత దానిదేనట. అంటే ఈయన మాట సగం నిజమే. చెప్పను.

ఇంకోటి కూడా చెప్పను. చర్చిలో నేను పెద్ద తెలిసినదానిలా "ఇది బాక్ వాయించిన ఆర్గన్" అన్నాను. ఆ సంగీతకర్త బాక్ పోయింది 1750లో! పక్కగోడ వైపున్న రెండో ఆర్గన్ ఇంకా కొత్తది, ఆయన పోయి 250 ఏళ్లయిన సందర్భంగా 2000లో పెట్టారు. పైగా 1723 నుంచి ఇక్కడ ఆయన పని పిల్లలకి పాట నేర్పడం, ఆదివారాలకి సంగీతం రాయడం. ఆరాధనలో ఆర్గన్ వాయించే ఉద్యోగం వేరొకరిది. నా వెనక వరసలో ఉన్నవాళ్లకి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను.

అసలు నన్ను కదిలించింది గాలి సంగతి. ఇప్పుడు మోటారు కొడుతుంది. కరెంటు రాకముందు మనుషులు తిత్తుల మీద ఎక్కి తొక్కేవారు, వాయించేవాడికి కనబడని చోట. కొన్ని ఆర్గన్లకి వాళ్లని పిలవడానికి ఒక గంట కూడా ఉండేదట. మీట లాగితే గంట మోగుతుంది, వీళ్లు తొక్కడం మొదలుపెట్టాలి.

అది చదవగానే తాతయ్య కాళ్ల హార్మోనియం గుర్తొచ్చింది. ఆ ఏడు శివరాత్రి నాటకానికి తాతయ్య మోకాలు వాచిపోయింది. పెడల్ తొక్కలేక నన్ను బల్ల కింద కూర్చోబెట్టి రెండు చేతులతో నొక్కమన్నాడు. నాకు తొమ్మిదేళ్లు. కింద నుంచి కనబడేది తాతయ్య పంచె అంచు, పెట్రోమాక్స్ వెలుగు ఒక చీలిక, అంతే. కాటి సీను పద్యానికి జనం వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడాడు. మళ్లీ వన్స్ మోర్! మూడోసారి రాగం సాగదీస్తుండగా నా చేతులు పడిపోయాయి, శ్రుతి మూలుగుతూ చచ్చింది. తాతయ్య కాలితో నా వీపు మీద ఒక్కటి తట్టాడు. మెల్లగానే, కానీ ఇప్పటికీ గుర్తుంది. హరిశ్చంద్రుడి చొక్కాకి నోట్లు గుచ్చారు. తాతయ్యకి కండువా కప్పారు.

నాకు గోళీసోడా. అందులోనూ సగం అన్నయ్యే తాగేశాడు.