అక్విలియా చట్టం: బంతి కేసు ఒక్కటే కాదు

మన బ్యాచ్‌లో ఎవరిని కదిలించినా రోమన్ లా అనగానే బంతి కేసే చెబుతారు. ఆటగాళ్లు కొట్టిన బంతి వెళ్లి క్షురకుడి చేతికి తగిలింది, గడ్డం గీయించుకుంటున్న బానిస గొంతు తెగింది. తప్పెవరిది? రోమన్ న్యాయకోవిదుడు ప్రొకులస్ క్షురకుడిదే అన్నాడు. ఆటలాడే చోట, జనం మసలే చోట పని పెట్టుకుంటే అతనిదే తప్పని మరో న్యాయకోవిదుడు ఉల్పియన్ కూడా ఒప్పుకున్నాడు. కానీ అలాంటి చోట కుర్చీ వేసినవాడికి గొంతు అప్పగించినవాడు తననే నిందించుకోవాలన్నా కాదనలేం అని కొసమెరుపు చేర్చాడు. పరీక్షకు ఆ కేసు చాలు. కానీ పరాయివాడి సొత్తుకు నష్టం చేస్తే డబ్బు కట్టించే ఈ అక్విలియా చట్టం పదునంతా నష్టం లెక్కగట్టే తీరులో ఉంది.

క్రీ.పూ. 287 ప్రాంతంలో, అక్విలియస్ అనే ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల ప్రతినిధి) ప్రతిపాదనపై వచ్చిన చట్టమిది. అధ్యాయాలు మూడు. రెండోది వాడుక తప్పిపోయింది, దాన్ని వదిలేద్దాం. మొదటిది పరాయివాడి బానిసనో, మందగా మేసే నాలుగుకాళ్ల పశువునో అన్యాయంగా చంపడం గురించి. పంది వస్తుంది, ఏనుగూ ఒంటే వస్తాయి, కుక్క రాదు. మిగతా నష్టాలన్నీ, అంటే కాల్చడం, విరగ్గొట్టడం, పాడుచేయడం మూడో అధ్యాయం కింద.

చంపితే, చావుకు ముందు ఏడాదిలో ఎప్పుడు ఎక్కువ విలువ చేస్తే అంత కట్టాలి. మూడో అధ్యాయానికి 30 రోజుల లెక్క. చిత్రకారుడైన బానిసకు బొటనవేలు పోయింది, ఏడాది తిరక్కుండా ఇంకెవరో అతన్ని చంపారు. చంపినవాడు వేలున్నప్పటి ధర, కళ విలువతో సహా, చెల్లించాలి. తను చేయని గాయానికీ డబ్బు కడుతున్నాడన్నమాట! పరిహారం ముసుగులో ఇది శిక్షే. జత కంచరగాడిదల్లో ఒకటి చస్తే, మిగిలినదాని ధర పడిపోయినంత మేరా కలుపుతారు. యజమానికున్న మమకారానికి మాత్రం వెల లేదు. పైగా చేయలేదని బుకాయించి ఓడితే రెట్టింపు.

దావాలు వీగిపోయేది 'చంపడం' అనే మాట దగ్గర. స్వయంగా శరీరంతో చేసిన పనికే చట్టం నేరుగా వర్తించేది. మంత్రసాని ఒక స్త్రీకి తన చేత్తో మందు తాగించి, ఆమె చనిపోతే చంపినట్టే. మందు ఇస్తే ఆమే తాగిందనుకోండి, అక్విలియా దావా నిలవదు, ఆ వాస్తవాల మీద ప్రీటర్ (రోమ్‌లో న్యాయవ్యవహారాలు చూసే అధికారి) ఇచ్చే వేరే దావా వేయాలి. బానిసను గదిలో పెట్టి తాళం వేసి, ఆకలితో చావనిచ్చినా అంతే. వాది వకీలు మొదట తేల్చుకోవాల్సింది ఇదే.

రోమన్ లా, డచ్ ఆచారాలు కలిసిన రోమన్ డచ్ లా పాటించే దక్షిణాఫ్రికాలో నిర్లక్ష్యం వల్ల కలిగిన ఆర్థిక నష్టానికి వేసే దావా నేటికీ అక్విలియన్ దావాయే. ఏడాది వెనక్కి చూసే లెక్కనూ రెట్టింపునూ వాళ్లు వదిలేశారు, జరిగిన నష్టమే ఇప్పిస్తారు.