ఇరవై రెండు ముక్కల నక్షత్రం

మన బ్యాచ్ కలయిక సంచిక కమిటీ వాళ్లు 'బడి రోజుల గురించి రెండు పేజీలు' అన్నారు. మనం ఆరో తరగతిలో చేరింది శ్రీకాకుళం జిల్లాలో, టెన్త్ పాసైంది విజయనగరం జిల్లాలో. 1979లో జిల్లా మారింది గానీ బొబ్బిలిలో మన బడి అంగుళం కదల్లేదు. ఏడూ ఎనిమిదీ ఎటు పోయాయో మనం 'పచ్చనిక్కరు' అని పిలిచేవాడినే అడగాలి, ఆ లెక్కలన్నీ వాడి దగ్గరే. నా దగ్గర మిగిలింది డిసెంబరు మొదటి శనివారం, క్రిస్మస్ చుక్క కట్టించే డ్రాయింగు మాస్టారు, వెదురు.

మేదర వీధిలో ఆయన వెదురు గెడలు తిరగేసే తీరు గుర్తుందా? గొల్లపల్లి వీణల వాళ్లు పనసదుంగని చూసినట్టు చూసేవారు. మరీ పచ్చిదైతే ఆరాక ముడుచుకుని కట్లు వదులైపోతాయి. బాగా ఎండిందైతే వంచగానే ఫట్‌మంటుంది. కొట్టి వారం పది రోజులైన గెడ కావాలి. నాలుగడుగుల బద్దలు పది, వేలెడు వెడల్పు. లోపలి మెత్తన చెక్కేసి, తొక్క బయటికి ఉండేలా వంచాలి.

అసలు పాఠం గీతల దగ్గర. 48 అంగుళాల బద్దకి రెండు కొసల నుంచీ 18¼ దగ్గర చాకుతో గీత పెడితే మధ్యలో 11½ మిగులుతుంది. అయిదు బద్దలు ఒకదాని పైనా ఒకదాని కిందా దూర్చి, గీత మీద గీత కలిపితే చుక్క దానంతటదే కుదురుతుంది. గీత తప్పితే చుక్క వంకరపోయి ఒంటికొమ్మే (అలా కట్టిన పైబ్యాచ్ వాళ్లు ఇప్పటికీ ఒప్పుకోరు). కణుపు గీత మీద పడినా అంతే, అక్కడ బద్ద వంగనని మొరాయించి కొమ్ము పక్కకి తిరుగుతుంది. "ఏట్రా ఆ తొందర, కణుపు సూసుకో!" అనేవారు మాస్టారు.

అలాంటి చుక్కలు రెండు చేసి, అయిదు కొసలూ సైకిలు ట్యూబు రబ్బరుతో కట్టాలి. బైండింగు వైరు తొక్కని కోసేస్తుందని ఆయన ముట్టనిచ్చేవారు కాదు. తర్వాత లోపల బద్దలు కలిసే అయిదు చోట్లా ముందు చుక్కకీ వెనక చుక్కకీ మధ్య తొమ్మిదంగుళాల పుల్లలు బిగించాలి. అడుగు పుల్ల పెడితే బద్ద విరుగుతుంది, ఆరంగుళాలదైతే బల్బు కాగితానికి తగులుతుంది.

కాగితాలు 22. ముందూ వెనకా అయిదు మూలల ముక్కలు రెండు, కొమ్ములకి పది, పక్కలకి పది. పక్కలు మరిచి పన్నెండే కోసిందెవరో ఇక్కడ రాయను, మనవలు చదువుతారు.

లై, అంటే అంటించే మైదా జిగురు, కాచడం అమ్మాయిల బెంచీది. వంద గ్రాముల మైదా ముందు చన్నీళ్లలో కలిపి, మొత్తం అరలీటరు చేసి, సన్నమంట మీద తిప్పుతూనే ఉండాలి. వేడినీళ్లలో పిండి పోస్తే ఉండలే. గాజులా మెరుపొచ్చాక దించి, బొద్దింకలు కొరక్కుండా చిటికెడు మైలుతుత్తం. అది విషంరా అని చెప్తుండగానే వేలు నోటి దాకా తీసుకెళ్లి వీపు విమానం మోత మోగించుకుని, జన్మంతా 'తుత్తం'గా మిగిలినవాడు ఈ సంచికకి చందా ఎక్కువే ఇచ్చాడట.

లై బద్దకే రాయాలి, కాగితానికి కాదు. తడిసిన పల్చటి కాగితం చేతిలోనే చిరుగుతుంది. బిగలాగి అంటించినా ముప్పే: రాత్రి మంచుకి సాగి, మర్నాటి ఎండకి బిగుసుకుని కట్టు దగ్గర చీలుతుంది. కాస్త వదులుంచాలి. బల్బు 40 వాట్లు, సరిగ్గా నడుమ వేలాడాలి. పై కొమ్ము పక్కన ఒక మూల అంటించకుండా వదిలితే వేడి పోతుంది. వంద వాట్లు పెట్టిన ఏడు కాగితం మీద దోసె మాడినట్టు మచ్చ పడింది కదా.

సరుగుడు కర్రకి కప్పీ కట్టి ఎక్కించాక, కింది రెండు కొమ్ముల నుంచీ తాళ్లు లాగి కట్టాలి. లేకపోతే గాలికి గిరగిరా తిరిగి వైరు మెలిపడిపోతుంది.

ముప్పై ఏళ్లు కరెంటు టవర్ల డ్రాయింగుల మీద సంతకాలు పెట్టాను. ఒక్క టవరుకీ కొమ్ము పక్కకి తిరగలేదు.

ఈ డిసెంబరు కలయికకి కొట్లో దొరికే ప్లాస్టిక్ చుక్క తెస్తామంటున్నారట. వద్దు, గెడలు చూసి పెట్టండి. మైదా నేను తెస్తాను. మైలుతుత్తం పొట్లం మాత్రం వాడి చేతికివ్వకండి.