తమ్ముడి మీద 1098కి ఫోన్ చేశాక

మా తమ్ముడు తాగుతాడని, కొడుకుని బెల్టుతో కొడతాడని మా వాళ్లందరికీ తెలుసు. "వాడి పిల్లాడు, వాడి ఇష్టం" అనేది అమ్మ. పిల్లాడి వీపు మీద వాతలు చూసి బడి నుంచి టీచరు నాకు ఫోన్ చేసింది. స్టేషనుకి వెళ్తే "ఇంటి గొడవ కదమ్మా, పెద్దమనుషుల్లో తేల్చుకోండి" అన్నారు. బయటికొచ్చి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేశాను.

వాళ్లు ఆ రోజే వచ్చారు. పిల్లాణ్ణి 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి, అంటే ఇలాంటి పిల్లల విషయం తేల్చే ప్రభుత్వ కమిటీ, ముందుకు తీసుకెళ్లాలట. కోర్టు బోను ఊహించుకుని వెళ్లాను. చూస్తే మామూలు గది, బల్ల, కుర్చీలు. మమ్మల్నందరినీ బయట కూర్చోబెట్టి వాడితో విడిగా మాట్లాడారు. వాడు బయటికొచ్చి అడిగిన మొదటి మాట, "అత్తా, నాన్నని జైల్లో వేస్తారా?"

ఎంక్వైరీ అయ్యేదాకా హోంకి పంపకుండా నా దగ్గరే ఉంచమని అడిగాను. జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి ఒకాయన ఇంటికొచ్చి మా సంపాదన, మా ఆయన అలవాట్లు కూడా రాసుకున్నాడు. మా ఆయనకి రోషం వచ్చింది గానీ, తాగే ఇంట్లోంచి తెచ్చిన పిల్లాణ్ణి ఇంకో తాగే ఇంట్లో పెట్టరు కదా.

సమితి చెప్పాక కేసు కట్టారు. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 75, మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష జరిమానా, లేదా రెండూ. అరెస్టు చేయకుండా నోటీసిచ్చి పంపారు. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్. తమ్ముడి ఆటో ఆగితే ఇల్లు గడవదని మరదలి ఏడుపు, రాజీ పడమని బంధువుల ఫోన్లు. సమితి దగ్గరి కౌన్సెలర్ నాకు సూటిగా చెప్పింది: "లైంగిక హింస అయితే పోక్సో అని వేరే చట్టం, రాజీ మాటే ఉండదు. ఇక్కడ తాగుడుంది, వైద్యం చేయించొచ్చు. అలాగని కేసు ఆగదు."

ఆ నోటీసు చేతిలో పడకపోతే తమ్ముడు ఆసుపత్రి గడప తొక్కేవాడు కాదు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చని డాక్టరు అడ్మిట్ చేసుకున్నారు. చేతుల వణుకు తగ్గాక ఇంటికొచ్చాడు. ఇంక అంతా బాగైపోయిందని మరదలు అనుకుంది. డాక్టరు మాత్రం తాగుడు వేరు, చెయ్యి లేవడం వేరు అన్నారు. నిజమే, తాగని రోజుల్లోనూ కొట్టేవాడు. కోపం మీద కౌన్సెలింగ్ విడిగా పెట్టారు. అక్కడ వాడు చిన్నప్పుడు నాన్న చేతిలో తిన్న దెబ్బల గురించి చెప్పుకున్నాడట. జాలి వేసింది. ఆ నాన్న చేతిలోనే నేనూ తిన్నాను, నా పిల్లల మీద నేను బెల్టు తియ్యలేదు. కాబట్టి నా జాలికి ఒక హద్దుంది.

ఇప్పుడు పిల్లాడు సమితి ఉత్తర్వుతో నా దగ్గరే ఉన్నాడు. తండ్రి చూడాలంటే కౌన్సెలర్ ఎదురుగానే చూడాలి, ఆసుపత్రి చీటీ చూపించాలి. మొన్న పిల్లాణ్ణి ఇంటికి వెళ్తావా అని అడిగితే "పరీక్షలయ్యాక చూద్దాం" అన్నాడట, పెద్ద ఆరిందాలా. కోర్టులో వాయిదాలు నడుస్తున్నాయి. తమ్ముడు నాతో మాట్లాడడు, మాత్రలు మాత్రం వేసుకుంటున్నాడని మరదలు చెప్పింది.