కువైట్ ఒక లెక్క, ఉక్రెయిన్ ఒక లెక్క

"మా కువైట్‌ను ఏడు నెలల్లో విడిపించారు కదా నాయనా, ఉక్రెయిన్‌ను ఎందుకు విడిపించలేకపోతున్నారు?"

రాయచోటి బస్సు కడప దాటకముందే పక్క సీటు పెద్దాయన వేసిన ప్రశ్న ఇది. 1990లో అక్కడ డ్రైవరట. అమ్మాన్ దాకా రోడ్డు మీద వచ్చి మన విమానం ఎక్కాడట. ఆ "మా కువైట్" అన్న మాట భలే నచ్చింది నాకు.

"అక్కడ చమురుంది కాబట్టి" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నిజమే, కానీ అదొక్కటే కాదు. ఆగస్టు 2న ఇరాక్ చొరబడితే, అదే రోజు వెనక్కి వెళ్లమంది ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి. నాలుగు రోజులకే ఆంక్షలు. ఆపైన గడువు, చివరికి యుద్ధం. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేస్తే, అదే మండలికి వచ్చిన తీర్మానాన్ని రష్యాయే వీటో చేసి ఆపేసింది. దొంగే పంచాయతీ పెద్ద అయితే తీర్పు ఎలా వస్తుంది? పైగా ఆ పెద్ద చేతిలో అణ్వాయుధాలు.

సర్వప్రతినిధి సభలో 141 దేశాలు ఖండించాయి. మనం ఓటు వేయలేదు. పాత స్నేహం, ఆయుధాల అవసరం, ఉక్రెయిన్‌లో చిక్కుకున్న మన విద్యార్థులు... కారణాలన్నీ తెలుసు. అయినా నాకు మింగుడు పడలేదు. సైన్యం పంపమని ఎవరూ అడగలేదు, తప్పును తప్పనమన్నారు, అంతే.

ఆంక్షల మీదా నాకు పూర్తి నమ్మకం లేదు. ఇరాక్ మీద అవి 2003 దాకా సాగాయి. సద్దాం రాజభవనాలకు లోటు రాలేదు, మందులు దొరకనిది మామూలు జనానికే.