టవర్ క్లాక్ దగ్గర గీసిన బర్మా పోస్టర్లు

2021 ఫిబ్రవరిలో మా షాపులో టీ తాగే తీరిక కూడా లేదు. పంచాయతీ ఎన్నికలు నడుస్తుండగానే మున్సిపల్ ఎన్నికల ఆర్డర్లు మొదలయ్యాయి. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. దండం పెడుతున్న అభ్యర్థి ఫొటో కట్ చేయడం, పైన పెద్ద నాయకుల తలకాయలు హోదా తప్పకుండా పేర్చడం, పగలంతా ఇదే. మయన్మార్ పోస్టర్లు గీసింది ఆ రాత్రుల్లోనే.

టీషర్ట్ డిజైన్ల పనిలో మయన్మార్‌లోని యాంగూన్ నగరంలో ఉండే ఒకామె ఆన్‌లైన్‌లో పరిచయమైంది. ఇంకా అక్కడే ఉంది కాబట్టి పేరు రాయను. ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం దేశ నాయకురాలు ఆంగ్ సాన్ సూచీని నిర్బంధించి అధికారం లాక్కుంది. అంతకుముందు నవంబర్ ఎన్నికల్లో సూచీ పార్టీ భారీగా గెలిస్తే, అదంతా మోసమని సైన్యం సాకు. రెండు వారాలకే శిక్షాస్మృతి మార్చి 505-ఎ సెక్షన్ పెట్టారు. జనంలో భయం పుట్టించారనో, అబద్ధాలు ప్రచారం చేశారనో మూడేళ్లు జైల్లో వేయొచ్చు. "మేం గీస్తే ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. నువ్వు గీసిపెట్టు, అంటించేది మేం చూసుకుంటాం" అని మెసేజ్ పెట్టింది. నేను పెద్ద ఆర్టిస్టునేం కాదు. కానీ బండి మీద పోయేవాడికి కూడా ఒక్క చూపులో అర్థమయ్యేలా బొమ్మ పెట్టడం మాకు రోజూ ఉండే పనే.

మొదట అడిగింది మూడు వేళ్ల సెల్యూట్. 2014లో థాయిలాండ్‌లో సైనిక పాలన వద్దన్నవాళ్లు వాడిన గుర్తది. గీయడం మొదలుపెట్టాక తెలిసింది కష్టం. మూడు వేళ్లు నిటారుగా నిలబడాలి, బొటనవేలు చిటికెనవేలిని లోపలికి అదిమిపట్టాలి. ఆ అదిమిన చోట గీత కాస్త జరిగితే బస్సులో మూడు టికెట్లు అడుగుతున్నట్టుంటుంది. చివరికి దారి చూపింది నిమ్మలకుంట తోలుబొమ్మలు. ధర్మవరం దగ్గరి ఊరది, 2020లో అక్కడి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది. లావాటి నల్ల అంచు, లోపల చదునైన ఎరుపు, పచ్చ, నగల చోట వెలుగు దూరే చిల్లులు. ఆ పద్ధతి పట్టుకుని నీడలు, గ్రేడియెంట్లు అన్నీ తీసేశాను. ఫోన్‌లో చిన్నగా కనిపించినా చెయ్యి చెయ్యిలాగే ఉంది. మా ఓనర్ స్క్రీన్ వైపు చూసి, "ఏమప్పా, ఇది ఏ వార్డు క్యాండిడేట్ గుర్తు?" అన్నాడు.

సూచీ బొమ్మ గీయమని కొందరు అడిగారు. గీయలేదు. 2017లో రోహింగ్యాలను తరిమికొట్టిన సైన్యాన్ని 2019లో హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టులో వెనకేసుకొచ్చింది ఆమే. వీధుల్లోకి వచ్చిన కుర్రాళ్లలో చాలామంది అప్పుడు నోరు మెదపనందుకు రోహింగ్యాలకు క్షమాపణ చెప్పారు. వాళ్లకు లేని మొహమాటం నాకెందుకు? పైగా నాయకుల తలకాయలు పగలు పేర్చినవి చాలు.

అక్షరాల దగ్గర ఇంకో తలనొప్పి. ఆమె పంపిన లైను పేస్ట్ చేస్తే ముక్కలు ముక్కలుగా వచ్చింది. డీటీపీలో వాడే పాత తెలుగు అను ఫాంట్లతో బతికినవాణ్ణి, సంగతి వెంటనే పసిగట్టాను. అక్కడ జౌజీ అని ఒక పాత ఫాంట్ ఉంది. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో బర్మీస్‌కిచ్చిన చోటునే వాడుకుంటుంది గానీ దాని పద్ధతి పాటించదు. 2019 అక్టోబర్‌లో దేశం మొత్తం యూనికోడ్‌కు మారాలన్నా, పాతది జనం చేతుల్లోంచి పూర్తిగా పోలేదు. ఆమె యూనికోడ్ ఫాంట్ పంపింది. లైను పెట్టడం, స్క్రీన్‌షాట్ పంపడం, ఆమె సరే అన్నాకే కర్వ్స్ చేయడం, అంటే అక్షరాల్ని బొమ్మగా మార్చేయడం. రాని భాషలో ఒక ఒత్తు ఎగిరిపోయినా మనకేం తెలుస్తుంది?

మార్చిలో వచ్చిన కబురు మాత్రం నాకు భలే నచ్చింది. ఆడవాళ్లు నడుముకు లుంగీలా కట్టుకునే థమెయిన్లను వీధికి అడ్డంగా తాళ్లమీద ఆరేశారు. వాటి కింద నడిస్తే మగాడి శక్తి పోతుందని నమ్మకం. సైనికులు ఆగి, అవి దించుకుని గానీ ముందుకు రాలేకపోయారు. మా అవ్వ కూడా దండెం మీద చీర ఉంటే మగపిల్లల్ని కింద పోనిచ్చేది కాదు. అమ్మకు చెబితే నవ్వి, "ఉపాయం బాగుంది గానీ, వాళ్ల చేతుల్లో తుపాకులుండాయి కదరా" అంది.

ఆ థమెయిన్ల దండేన్నే పోస్టర్‌గా గీస్తూ, కింద బిక్కమొహం వేసిన సైనికుణ్ణి పెడదామన్నాను. యాంగూన్ ఆమె వద్దంది. చెక్‌పోస్టులో ఫోన్ లాక్కుని చూసినా దండెం దండెంలాగే కనిపించాలంట. సరే, ఉత్త దండెమే. థమెయిన్‌కు కొంగుండదు, జరీ అంచుండదు. నడుం దగ్గర నల్లపట్టీ, కిందంతా అలలు అలలుగా వచ్చే అచేయిక్ నేత. ధర్మవరం చీరల కేటలాగులు చేసి చేసి ఉన్నానేమో, చెయ్యి ఊరికే మామిడిపిందెల వైపు లాగేది. ఒక్కో అలనూ విడిగా గీసి, గాలికి బట్ట మడత పడ్డ చోట అల తెగేలా చూశాను. బట్ట బరువు కనిపించింది అక్కడే.

పంపడం ఇంకో టెన్షన్. వాళ్ల గడియారం మనకన్నా గంట ముందు. అప్పట్లో అక్కడ రాత్రి ఒంటిగంట నుంచి పొద్దున తొమ్మిది దాకా నెట్ కట్. అంటే మన పన్నెండు కొట్టేలోపు ఫైలు చేరాలి. ఊరేగింపు ఫొటో చూసి గీసినప్పుడల్లా మొహాలు, వెనకున్న షాపు బోర్డులు పూర్తిగా తీసేసేవాణ్ణి. ఫైల్ ప్రాపర్టీస్‌లో సిస్టం పేరు కూడా చెరిపేసేవాణ్ణి. మూలన సంతకం పెట్టలేదు.

మార్చి 15 నుంచి మొబైల్ డేటా ఆపారు, ఏప్రిల్ 2 నుంచి వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ కూడా. ఇక రంగులతో పనిలేదు, ఎ4 సైజులో నలుపు తెలుపు చాలంది. ఒక్కరికి అందినా జిరాక్స్ తీసి పంచుకుంటారు. నల్లగా నింపిన చోట టోనర్ తాగేస్తుంది, చారలు పడతాయి. అందుకని నింపినవన్నీ గీతలుగా మార్చి, మా షాపు పాత మిషన్‌లో కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ తీసి చూశాను. నాలుగో కాపీలో అచేయిక్ అలలు కలిసిపోయాయి. వాటిని సగం తగ్గించి, గీత లావు చేసి పంపాను.

ఈమధ్య ఓపెన్ ఫైల్ అడుగుతోంది. ఊరి పేరు, తేదీ వాళ్లే మార్చుకుంటారంట. నేను గీసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్ అందరి దగ్గరా ఉండదు కాబట్టి పీడీఎఫ్, ఎస్‌వీజీ రెండూ ఒకే ఫోల్డర్‌లో పెడుతున్నాను. ఫాంట్ మాత్రం విడిగా.