ముఠాల గురించి పిల్లలకు ఏం చెప్పాలి

కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మా అబ్బాయి మిడిల్ స్కూలులో చేరినప్పుడు ఇచ్చిన నియమావళిలో దుస్తుల గురించి ఒక పేజీ ఉంది. ఎరుపు, నీలం రుమాళ్ళు తలకు కట్టుకోరాదనీ, 13, 14 అంకెలున్న చొక్కాలు వేసుకోరాదనీ అందులో రాశారు. మన ప్రాంతపు ఫుట్‌బాల్ జట్టు ఫార్టీనైనర్స్ చొక్కా ఎర్రగానే ఉంటుంది కదా, అది కూడా తప్పేనా అని మావాడు అడిగాడు. ముఠాల వాళ్ళు వేసుకునే రంగులు అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది కాదు. ముఠాకు రంగెందుకు, అంకెలెందుకు అన్నది వాడి తర్వాతి ప్రశ్న.

దీనికి సమాధానం వీధుల్లో కాక జైళ్ళలో దొరుకుతుంది. 1957లో ట్రేసీ పట్టణం దగ్గరున్న డ్యూయెల్ జైలులో, ఎక్కువగా లాస్ ఏంజిలిస్ వైపు నుంచి వచ్చిన మెక్సికన్ అమెరికన్ యువఖైదీలు మెక్సికన్ మాఫియా అనే ముఠాను కట్టారు. ఉత్తర కాలిఫోర్నియా పొలాల్లో కూలిచేసే కుటుంబాల నుంచి వచ్చిన ఖైదీలను వీరు చులకనగా చూసి వేధించడంతో, 1960లలో ఆ రెండో పక్షంవారు న్యూయెస్ట్రా ఫమీలియా పేరుతో తమ ముఠాను కట్టుకున్నారు. జైలు బయట మొదటివారి పక్షాన నిలిచేవారిని సురేన్యోలు అంటారు. వారిది నీలం రంగు, మాఫియా పేరులోని ఎమ్ ఇంగ్లీషు అక్షరమాలలో పదమూడోది కనుక 13 వారి అంకె. రెండోవారి పక్షం నోర్తేన్యోలు. వారిది ఎరుపు రంగు, పేరులోని ఎన్ పద్నాలుగోది కనుక 14. వీధిలో తిరిగే పదహారేళ్ళ కుర్రాడు తానెన్నడూ చూడని జైలు నాయకుల మాటను శిరసావహించడానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. ఏదో ఒకనాడు తానో, తన అన్నో అదే జైలుకు వెళ్ళక తప్పదని అతడికి గట్టి నమ్మకం. అక్కడ కాపాడేది వాళ్ళే కనుక, బయట మత్తుమందుల అమ్మకంలో వచ్చిన డబ్బులో కొంత వాటా వాళ్ళకు చేరుతూ ఉంటుంది. రంగు ఆ విధేయతకు గుర్తు మాత్రమే.

మన తెలుగు కుటుంబాల్లో ఈ విషయంపై సంభాషణ సాధారణంగా ఒక్క వాక్యంతో ముగుస్తుంది: ఆ వైపు వెళ్ళకు, వాళ్ళతో తిరగకు. ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగు చూసుకుని, ముఠాలకు పేరుపడ్డ ఈస్ట్ ఓక్లండ్ పేరో స్టాక్‌టన్ పేరో చెప్పి పిల్లలను భయపెట్టి, మన బాధ్యత తీరిందనుకుంటాం. ఈ సలహాలో జాగ్రత్త పాలు తక్కువ, మనుషుల రంగు చూసి దూరం జరగడమే ఎక్కువ అని నా అభిప్రాయం. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలు దీన్ని ఇట్టే పసిగడతారు. తరగతిలో తమ పక్కన కూర్చునే స్నేహితుడి గురించే అమ్మానాన్నలు ఇలా మాట్లాడుతున్నారని తెలిశాక, మనం చెప్పే తక్కిన మంచిమాటలు కూడా వాళ్ళ చెవికెక్కవు.

అందుకే మా ఇంట్లో చరిత్రతో మొదలుపెట్టాం. లాస్ ఏంజిలిస్‌లో నల్లజాతివారికి ఇల్లు అమ్మరాదనే ఒప్పందాలు దస్తావేజుల్లోనే ఉండేవి. వాటిని కోర్టులు అమలుచేయరాదని సుప్రీంకోర్టు 1948లో గానీ చెప్పలేదు. అలా కొన్ని పేటల్లోనే ఇరుక్కుపోయిన కుటుంబాల కోపం 1965లో ఆ నగరంలోని వాట్స్ పేటలో అల్లర్లుగా పేలింది. ఆ తరువాత కొన్నేళ్ళకే, 1969 ప్రాంతంలో, క్రిప్స్ ముఠా పుట్టింది. దానికి ఎదురు నిలవడానికి 1970ల ఆరంభంలో బ్లడ్స్ వచ్చింది. లాస్ ఏంజిలిస్ పక్కనే ఉన్న సౌత్ గేట్‌లోని జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం 1982లో మూతపడింది. తండ్రులకు జీతమిచ్చిన ఇలాంటి పనులు పోతున్న కాలంలోనే కొడుకుల ముందుకు క్రాక్ కొకైన్ అనే మత్తుమందు వ్యాపారం వచ్చింది. ఎం.ఎస్.13 అనే ముఠా కథ కూడా ఇలాంటిదే. ఎల్ సాల్వడార్ అంతర్యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాల పిల్లలు 1980లలో లాస్ ఏంజిలిస్‌లో కట్టిన ముఠా అది. అమెరికా వారిని పెద్దఎత్తున తిప్పి పంపడంతో ఆ దేశానికీ పాకింది. అయితే పేదరికమే మూలమని తేల్చేయడానికి వీల్లేదు. కెనడాలోని వాంకూవర్ ప్రాంతంలో 1990ల నుంచి ముఠా హత్యల్లో ప్రాణాలు పోగొట్టుకున్న పంజాబీ కుర్రాళ్ళలో చాలామంది పెద్ద ఇళ్ళు, మంచి కార్లు ఉన్న కుటుంబాలవారే.

పోలీసులు ఊరికే పట్టుకుంటారా అని మనలో పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. కాలిఫోర్నియా పోలీసులు ముఠా సభ్యుల పేర్లు దాచుకునే కాల్‌గ్యాంగ్ అనే జాబితాను రాష్ట్ర ఆడిటర్ 2016లో తనిఖీ చేసినప్పుడు, నమోదైన నాటికి ఏడాది కూడా నిండని వయసుతో 42 మంది అందులో కనిపించారు. వారిలో 28 మంది తాము ముఠా సభ్యులమని స్వయంగా ఒప్పుకున్నట్టు రాసి ఉందట! నవ్వు వచ్చే మాటే గానీ, అదే జాబితాలో పేరున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి నవ్వు రాదు. ముఠాకు దూరంగా ఉండటం, ఎవరినైనా ముఠా మనిషి అని తేలికగా అనేయకుండా ఉండటం, ఈ రెండూ పిల్లలకు కలిపే నేర్పాలని అందుకే అనుకుంటాను.

నిజానికి మన వాళ్ళకు వ్యవస్థీకృత నేరం ఎదురయ్యే చోటు ఈ పేటలేవీ కావు. అది ఫోనులో, పార్ట్‌టైమ్ పని పేరుతో వస్తుంది. ఒంటరిగా ఉండే వృద్ధుల కంప్యూటరు తెరపై ఒక హెచ్చరిక వస్తుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే, మీ ఖాతా ప్రమాదంలో ఉంది, డబ్బంతా తీసి బంగారు కడ్డీలు కొనండి, ప్రభుత్వ ఉద్యోగి వచ్చి భద్రపరచడానికి తీసుకెళతాడు అని నమ్మిస్తారు. ఆ ఉద్యోగిగా గుమ్మం ముందుకు వచ్చేది ఒక కుర్రాడు. ఇలాంటి మోసాల్లో 2023 మే నుంచి డిసెంబరు వరకు 5.5 కోట్ల డాలర్లకు పైగా పోయిందని ఎఫ్.బి.ఐ. 2024 జనవరిలో హెచ్చరించింది. పొట్లం తీసుకోవడానికి వెళ్ళి అరెస్టయినవారిలో మన దేశం నుంచి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థులు కూడా ఉన్నారు. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసాపై క్యాంపస్ బయట ఇష్టం వచ్చిన పని చేయడానికి వీల్లేదు, ఇంటి దగ్గర బ్యాంకు అప్పు పెరుగుతూ ఉంటుంది. అలాంటివాడికి ఓ వాట్సాప్ గ్రూపులో, కారేసుకుని వెళ్ళి ఒక పార్సెల్ తెస్తే చాలు అన్న సందేశం వస్తుంది. పెట్టెలో ఏముందో అడగవద్దంటారు.

ముఠా ఎక్కడైనా ఇలాగే నడుస్తుంది. పైవాడు ఏదీ తన చేత్తో ముట్టుకోడు. షికాగో ముఠా నాయకుడు అల్ కపోన్‌ను కూడా 1931లో ఆదాయపు పన్ను ఎగవేత కేసులోనే జైలుకు పంపగలిగారు. పైనున్నవారిని అందుకోవడానికి 1970లో రికో అనే ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. పార్సెల్ కుర్రాడిని పట్టుకోవడానికి మాత్రం అంత శ్రమ అక్కర్లేదు. అతడి ముఖం ఇంటి తలుపు కెమెరాలో ఉంటుంది, కారు నంబరు ఉంటుంది. నాకేమీ తెలియదన్న వాదన కోర్టులో అంతగా నిలవదు, ఎందుకంటే అనుమానం వచ్చినా కావాలని తెలుసుకోకుండా ఉండటాన్ని ఇక్కడి చట్టం తెలిసి చేసినట్టే చూస్తుంది. ఇలాంటి కుట్ర కేసుల్లో గరిష్ఠ శిక్ష 20 ఏళ్ళు; అది ముగిశాక దేశం నుంచి పంపేస్తారు.

లాస్ ఏంజిలిస్ వెళ్ళినప్పుడు పిల్లలను హోమ్‌బాయ్ ఇండస్ట్రీస్‌కు తీసుకెళ్ళాం. గ్రెగ్ బాయిల్ అనే క్రైస్తవ గురువు 1988లో మొదలుపెట్టిన పని అది. ముఠాలు వదిలి వచ్చినవారు అక్కడ రొట్టెలు చేస్తారు, మెడ మీది, ముఖం మీది పచ్చబొట్లు ఉచితంగా చెరిపించుకుంటారు. ఒకప్పుడు శత్రువులైన ముఠాలవాళ్ళు ఒకే వంటగదిలో పిండి కలపడం మా పిల్లలను ఆకట్టుకుంది. నాకు మాత్రం పట్టిన విషయం వేరు: వచ్చినవాడికి అక్కడ ముందు పని, జీతం, పేరు పెట్టి పిలిచే మనుషులు దొరుకుతారు. ముఠా కూడా సరిగ్గా అవే చూపించి పిలుస్తుంది.

అందుకే మా ఇంట్లో డబ్బు గురించి అడగడం అవమానం కాదు. కొత్త బూట్లు ఎక్కడివి, ఈ వంద డాలర్లు ఎవరిచ్చారు అని అడిగితే పిల్లలు సమాధానం చెబుతారు, విసుక్కుంటూనైనా. మా ఊరివాళ్ళ పిల్లలు చదువుకోవడానికి వస్తే ఆదివారం భోజనానికి పిలుస్తాం, పార్సెల్ పనుల సంగతి పప్పు వడ్డిస్తూనే చెబుతాం. ఆ మధ్య ఒక అబ్బాయి, తన రూమ్మేట్ అలాంటి పనికి ఒప్పుకున్నాడనీ, ఏం చేయాలో తెలియడం లేదనీ చెప్పాడు. స్నేహితుడిని పట్టించడం తప్పు కాదా అని మావాడు అడ్డుపడ్డాడు. ఆ పెట్టెలో ఉన్నది ఎవరో ముసలావిడ జీవితకాలపు పొదుపు అని చెప్పాను. ముందు రూమ్మేట్‌ను మా ఇంటికి తీసుకురమ్మన్నాను. ఇంకా వెళ్ళి ఉండకపోతే మానమని చెబుదాం, వెళ్ళి ఉంటే మొదట లాయరు దగ్గరికి, ఆ తర్వాత పోలీసుల దగ్గరికి అని మా ఆయన అన్నారు.