కాటా కదల్లేదు, కొవ్వు కరిగిపోయింది: దసలి కాయలతో రెండో ఏడు

ఛ! వెచ్చటి పెట్టెలో పెట్టిన దసలి పట్టుపురుగు ప్యూపాలు (పట్టుకాయ లోపల నిద్రపోయే దశ, దీన్నుంచే రెక్కల చిలుక వస్తుంది) 8కి 5 పోయాయి. అదీ తూకంలో ఏ వంకా లేనివి.

నిరుడు ప్యూపాలు ఎండిపోయి చచ్చాయని ఈసారి తేమ మీదే పడ్డాను. పెట్టె అడుగున సంతృప్త ఉప్పు ద్రావణం పెడితే 75 శాతం దగ్గర గీత గీసినట్టు నిలిచింది. తేమ కొలిచే సెన్సారు ఎస్‌హెచ్‌టీ31. చవకరకం డీహెచ్‌టీ11 ఇలాంటి పనికి దండగ, ±5 శాతం తేడా చూపేదానితో తేమ లెక్కలేమిటి?

కాయలు కోసి తీసిన ప్యూపాలు పెట్టెకి 8. ఒక పెట్టె ఫ్రిజ్ మీద, 31 డిగ్రీలు. రెండోది నేల మీద మూలన, 23. ఆదివారం ఆదివారం తూచాను. 20 వారాల్లో ఫ్రిజ్ మీదివి సగటున 10.42 గ్రాముల నుంచి 9.97కి, మూలనవి 10.37 నుంచి 9.98కి దిగాయి. తేడా అరశాతం! రెండూ భేష్ అనుకున్నాను.

మూలన పెట్టెలో 7 చక్కగా రెక్కలు విప్పాయి. ఫ్రిజ్ మీదివాటిలో బయటపడ్డవి మూడే, రెక్కలు ముడతలు. ఒక ఆడది 19 గుడ్లతో సరిపెట్టింది. చచ్చినవి కోసి చూస్తే రెండింట్లో చిలుక సగం తయారై ఆగిపోయింది. పెరుగు ముద్దలా ఉండాల్సిన కొవ్వు పసుప్పచ్చ పీలికలుగా ఉంది.

అప్పుడు వెలిగింది. 1 గ్రాము కొవ్వు కాలితే సుమారు 1.1 గ్రాముల నీరు పుడుతుంది. బొగ్గుపులుసు వాయువు బయటికి పోయినా, ఆ నీరు ఒంట్లోనే ఉంటే బరువు తగ్గదు సరికదా, పిసరంత పెరుగుతుంది. అంటే ఇన్నాళ్లూ నేను తూచింది ఆవిరైన నీటిని. కొవ్వు లెక్క కాటాకి తెలియనే తెలియదు! నిజానికి వెచ్చటి పెట్టెలో నీరు ఇంకా ఎక్కువ పోవాలి. ఆ లోటు కొవ్వు కాల్చి పూడ్చుకున్నాయేమో.

వేడి 10 డిగ్రీలు పెరిగితే ఒంట్లో కొవ్వు ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. రెండు రెట్లే అనుకున్నా, 8 డిగ్రీలకు 1.7 రెట్లు: 20 వారాల్లో 35 వారాల తిండి. దసలి చిలుకకి పనికొచ్చే నోరు లేదు. పురుగుగా ఉన్నప్పుడు దాచిందే నిద్రకీ, రెక్కలకీ, గుడ్లకీ. పెబ్రిన్ (పట్టుపురుగులకి సోకే సూక్ష్మజీవి జబ్బు) అనుమానంతో సూక్ష్మదర్శినిలో కూడా చూశాను, బీజాలు కనబడలేదు. వేడి నేరుగా దెబ్బ కొట్టిందా అంటే, అదీ కొట్టిపారేయలేను.

వచ్చేసారి కాటా నీటికి మాత్రమే. కొవ్వుకి వేరే కొలత: 50 మి.లీ. సిరంజిలో ప్యూపా, బొగ్గుపులుసు వాయువును పీల్చేసే సోడా లైమ్, కొసన సన్న గాజుగొట్టంలో రంగునీటి చుక్క. ప్యూపా ఆక్సిజన్ లాగినకొద్దీ చుక్క లోపలికి జరుగుతుంది. పక్కన ప్యూపా అంత గాజు పూసలతో ఇంకో సిరంజి, గది వేడి మారితే తెలియడానికి. నిద్రలో ఉన్న ప్యూపాలు ఉండుండి ఊపిరి వదులుతాయి కాబట్టి అరగంట కొలత పనికిరాదు, 24 గంటలు వదిలేయాలి. 2 లీటర్ల ఆక్సిజన్ లాగితే 1 గ్రాము కొవ్వు పోయినట్టు. చుక్క జరగడం కంటికి ఆనుతుందో లేదో ముందు ఒక్క ప్యూపాతో చూస్తాను. ఫ్రిజ్ మీద మాత్రం ఇక ఏదీ పెట్టను.